మామ్మ ఏరి పారేసిన గింజలు: మన గోదారి తెల్లన్నం చరిత్ర



ఈ ఎపిసోడ్ నిజానికి మా ఇంటి అరుగు మీద మొదలైంది. పోయిన నెల కపిలేశ్వరపురం వెళ్ళాను. మా ఊరే. ఏటిగట్టు ఎక్కితే అవతల గౌతమి, దిగితే ఇవతల మా వీధి. మధ్యాహ్నం వేళ మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఎనభై దాటిన మనిషి, చేటలో రేషన్ బియ్యం పోసుకుని ఏరుతోంది. ఏరినవన్నీ కొబ్బరి చిప్పలో వేస్తోంది.

"రాళ్ళా మామ్మా?" అన్నాను.

"రాళ్ళు కాదురా అబ్బాయ్, పలాస్టిక్కు బియ్యం. మీ ఫోన్లోనే గదా చూపించారు, నీళ్ళలో పోస్తే తేలతాయంట, నిప్పు మీద పెడితే ముద్దయిపోద్దంట."

ఆ వీడియో మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. మా ఫ్యామిలీ గ్రూపులో నాలుగుసార్లు వచ్చింది. చిప్పలో గింజలు చూశాను. మిగతా బియ్యం కంటే కొంచెం వేరే రంగు, కొంచెం నున్నగా ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదండి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, ఆ ముద్దని మిషన్లో బియ్యపు గింజ ఆకారంలో వత్తి ఆరబెట్టినవి. వంద కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలిపినవి. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి ప్రకటించారు, 2024 మార్చికల్లా ప్రభుత్వం ఇచ్చే బియ్యం అంతటా ఇవే వచ్చాయి. అంటే మామ్మ రోజూ కూర్చుని ఏరి పారేసేది, ఆ బియ్యంలో కావాలని కలిపిన బలాన్నే.

కానీ నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. అసలు బియ్యంలో బలం మళ్ళీ కలపాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఉన్నది ఎక్కడికి పోయింది? దానికి జవాబు వెతుకుతూ పోతే మన కోస్తా చరిత్ర రెండు వందల ఏళ్ళది బయటపడింది. అందులో నెల్లూరులో పుట్టిన ఒక అమెరికన్ ఉన్నాడు, భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడు ఉన్నాడు, మా ఇంట్లో పేరు పెట్టకుండానే పోయిన ఇద్దరు పసిపిల్లలు కూడా ఉన్నారు.

ముందు నీళ్ళ సంగతి చూద్దాం. 1832–33 కరువు పేరు వినే ఉంటారు. ఆ తరవాత ఆర్థర్ కాటన్ వచ్చి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాడు, 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. కాలవలు తవ్వాక డెల్టా అంతా వరి. కాటన్ దొరకి మన ఊళ్ళలో విగ్రహాలెందుకున్నాయో నేను చెప్పక్కర్లేదు, ఆకలి తీర్చినవాడాయన. కానీ వరి పండని నేలమీద ఇంతకుముందు తిన్న జొన్న, చోళ్ళు (అంటే రాగులు), గంట్లు మెల్లగా కంచంలోంచి జారిపోయాయి. అన్నం అంటే వరి అన్నమే అయ్యింది. అందులోనూ తెల్లటిది, మల్లెపువ్వులాంటిది. తెల్లన్నం తినడమే కలిగినవాళ్ళ గుర్తు.

ఇప్పుడు జబ్బు దగ్గరికి వద్దాం. ఆనకట్టకి ముందే, 1835లో, జాన్ గ్రాంట్ మాల్కంసన్ అనే డాక్టరు మద్రాసులో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. బెరిబెరి చరిత్ర, వైద్యం గురించి. ఆయన చూసిన రోగుల్లో ఎక్కువమంది సిపాయిలు, ఖైదీలు. జబ్బు ఎక్కువగా ఎక్కడ? ఉత్తర సర్కారుల్లో. అంటే గంజాం నుంచి విశాఖపట్నం, గోదావరి మీదుగా కిందికి వచ్చే మన తీరమే. మొదట కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, అరికాళ్ళు మండుతాయి, తరవాత పాదం పైకి లేవదు. ఇంకో రకం ఉంది, అందులో ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక, గుండె ఆగిపోతుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ, లోపలికి పోయేకొద్దీ తక్కువ. అందుకని గాలి వల్ల, చెమ్మ వల్ల అనుకున్నారు. పాపం, వాళ్ళ కళ్ళ ముందే కంచం ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు.

కంచంలో ఏముందో తెలియాలంటే ఒక వడ్లగింజని ఒలవాలి. పైన ఊక. ఊక తీస్తే ముడి బియ్యం, గోధుమ రంగులో ఉంటుంది. ఆ రంగు పొరే తవుడు. దాని కొసన చిన్న మొలక ఉంటుంది. గింజలో ఉన్న విటమిన్ బి1, అంటే థయమిన్, చాలావరకు ఆ పొరలోనూ మొలకలోనూ ఉంటుంది. మధ్యలో మిగిలేది పిండి. రోట్లో రోకళ్ళతో ఒకటి రెండు దంపులు వేస్తే తవుడు కొంత పోయి కొంత మిగులుతుంది, అది దంపుడు బియ్యం. ఓపిక, పనివాళ్ళు ఉన్న ఇళ్ళలో మూడోసారి కూడా దంపి తెల్లగా చేసేవారు. అందుకే మిల్లులు రాకముందు కూడా ఈ జబ్బు ఉంది. తరవాత ఇంజన్లతో నడిచే మిల్లులు వచ్చాయి, కలిగినవాళ్ళ తెలుపు అందరికీ అందుబాటులోకి వచ్చింది. పైగా తెల్లబియ్యం ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. ముడిబియ్యంలో తవుడు నూనె ఉంటుంది కాబట్టి కొన్నాళ్ళకి మక్కు వాసన కొడుతుంది, పురుగు తొందరగా పడుతుంది. వ్యాపారికి ఏది నచ్చుతుందో మీరే ఆలోచించండి.

మరి ఆ తవుడు ఎటు పోయింది? గేదెకి. బియ్యం కడిగిన నీళ్ళు ఎటు పోయాయి? కుడితిలోకి, మళ్ళీ గేదెకే. వార్చిన గంజి? ఇంట్లో పనివాళ్ళు తాగితే తాగారు, లేకపోతే అదీ కుడితిలోకే. ఇది నేను సరదాకి అనడం లేదు. బి1 నీళ్ళలో కరిగిపోయే విటమిన్. మూడు నాలుగుసార్లు పిసికి కడిగి, ఎసరెక్కువ పోసి వండి, గంజి వార్చేస్తే మిగిలింది కూడా పోతుంది. మన వంటింట్లో శుభ్రం అనుకున్న పనులన్నీ వరసగా ఇదే చేశాయి.

లెక్క కావాలా? హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ ఆహార పట్టికలో ఉంది. వంద గ్రాముల మిల్లు తెల్లబియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు. అదే దంపుడు బియ్యంలో 0.21. పెద్దవాళ్ళకి రోజుకి ఒక మిల్లీగ్రాము పైచిలుకు కావాలి. పూటపూటా అన్నమే తిని రోజుకి అరకిలో బియ్యం లాగించే మనిషికి దంపుడు బియ్యంతో ఒక మిల్లీగ్రాము దాటుతుంది. తెల్లబియ్యంతో 0.3. అది కూడా కడగకముందు లెక్క. పక్కన పప్పు, పాలు, కూరలు దండిగా ఉంటే సరిపోతుంది. ఉప్పూ పచ్చిమిరపకాయతో తినేవాడికి ఎక్కణ్ణించి వస్తుంది?

ఈ కిటుకు మొదట బయటపడింది మన దగ్గర కాదు, జావా దీవిలో. కోళ్ళ వల్ల. 1890 ప్రాంతంలో డచ్చి డాక్టరు క్రిస్టియాన్ ఐక్‌మన్ ప్రయోగాలకి పెట్టుకున్న కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకి వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందేంటంటే, మధ్యలో కొన్ని నెలలు వాటికి మిలిటరీ ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం పెట్టారు. కొత్త వంటవాడొచ్చి, సైన్యం అన్నం సైన్యానివి కాని కోళ్ళకి పెట్టనన్నాడు. మళ్ళీ పాత మేత వేశారు, కోళ్ళు లేచి నిలబడ్డాయి. ఒక వంటవాడి పట్టుదల అండి! ఐక్‌మన్‌కి 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

సరే, తవుడులో ఏదో ఉందని తెలిసింది. అదేంటో పట్టుకోవాలి. ఇక్కడే మన నెల్లూరు వస్తుంది. రాబర్ట్ విలియమ్స్ 1886లో నెల్లూరులో పుట్టాడు. అమ్మానాన్నలు అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు. అతను పెద్దయ్యాక ఫిలిప్పీన్స్‌లో మనీలా ప్రభుత్వ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ వెడ్డర్ అనే సైనిక డాక్టరు తవుడు నుంచి తీసిన రసం అతని చేతిలో పెట్టి, బెరిబెరి వచ్చిన పసిపిల్లల్ని బతికిస్తున్నది ఇందులో ఏదో కనిపెట్టమన్నాడు. ఆ పనికి ఇరవై ఆరేళ్ళు పట్టింది. పగలు అమెరికాలో టెలిఫోన్ పరిశోధన సంస్థలో ఉద్యోగం, మిగతా టైమంతా తవుడు మీదే, చాలాకాలం సొంత డబ్బుతో. టన్నుల కొద్దీ తవుడు వడకడితే చిటికెడు పలుకులు వచ్చేవి. 1936లో థయమిన్ నిర్మాణం తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. మన తీరాన్ని పీడించిన జబ్బుకి మందు, మన తీరంలోనే పుట్టినవాడి చేతుల్లో తేలింది. నెల్లూరు నుంచి చూస్తున్నవాళ్ళెవరైనా ఉంటే, ఈ సంగతి మీ ఊళ్ళో ఎంతమందికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

ఈలోగా మన దేశంలో. 1918లో నీలగిరి కొండల మీద కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు ఒక చిన్న విభాగం పెట్టాడు. దాని పేరు బెరిబెరి ఎంక్వైరీ. ఆ గదే పెరిగి 1928కి పోషకాహార పరిశోధన ప్రయోగశాలలయ్యింది, 1958లో హైదరాబాదు వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకుంది. తార్నాకలో బస్సులోంచి రోజూ చూసే ఆ బిల్డింగే. నేను ఆ రోడ్డు మీద రెండేళ్ళు తిరిగాను, దాని మూలంలో బెరిబెరి ఉందని, అందులో మన కోస్తా జబ్బు కథ ఉందని అప్పట్లో నాకు తెలీదు.

మెకారిసన్, ఆయన తరవాత వచ్చిన ఆక్రాయిడ్, వీళ్ళ పరిశోధనల్లో ఒక విచిత్రం కనిపిస్తుంది. తమిళులు బియ్యం తింటారు, మలయాళీలు తింటారు, బెంగాలీలు తింటారు. మరి బెరిబెరి మన సర్కారు జిల్లాల్లోనే ఎందుకు తిష్ఠ వేసింది? వాళ్ళు తినేది ఎక్కువగా ఉప్పుడు బియ్యం. వడ్లని నానబెట్టి, ఆవిరి పట్టించి, ఆరబెట్టాక మర పట్టిస్తారు. అలా ఉడికినప్పుడు పై పొరలోని బి1 లోపలి పిండిలోకి దిగుతుంది. తరవాత మిల్లు ఎంత గీకినా చాలావరకు పోదు. పట్టికలో మిల్లు ఉప్పుడు బియ్యానికి కూడా 0.21 అనే ఉంటుంది. మనకేమో ఉప్పుడు బియ్యం వాసన పడదు. పచ్చి బియ్యం, అదీ తెల్లగా. మా వైపు ఇప్పటికీ బొండాలు అనే లావు రకం పండిస్తారు, ఉప్పుడు బియ్యం చేసి కేరళకి లారీలకెత్తుతారు. మంచి పద్ధతి మన మిల్లుల్లోనే ఉంది, తినేది మాత్రం పక్క రాష్ట్రం వాళ్ళు.

ఇదంతా మామ్మకి చెప్తున్నాను. కాళ్ళ తిమ్మిర్లు, నీరు పట్టడం అన్నప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. పసిపిల్లలు అనగానే చేట పక్కన పెట్టింది.

వైద్య పుస్తకాల్లో ఉన్న సంగతి ఇది. తల్లి ఒంట్లో బి1 తగ్గితే పాలలో కూడా తగ్గుతుంది. తల్లికి పైకి ఏ జబ్బూ కనిపించకపోవచ్చు. బిడ్డ నిండుగానే ఉంటాడు. రెండో నెల నుంచి అయిదో నెల లోపల ఒకరోజు ఉన్నట్టుండి పాలు తాగడు, ఒళ్ళు నీలం తిరుగుతుంది, గొంతు పోతుంది. ఏడుస్తున్నట్టు నోరు తెరుస్తాడు, శబ్దం రాదు. గంటల్లో పోతాడు. అదే టైంకి బి1 సూదిమందు పడితే అన్నే గంటల్లో లేచి ఆడతాడు. ఆక్రాయిడ్, కృష్ణన్ 1941లో మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతంలో పసిపిల్లల మరణాల మీద ఒక పరిశోధన పత్రమే వేశారు.

మామ్మ చెప్పింది: "మా అత్తగారికి మీ తాతయ్య కంటే ముందు ఇద్దరు పోయారురా. ఇద్దరూ మూడో నెల్లోనే. రెండోవాడు పొద్దుటేల బాగా ఆడాడంట. దీపాలేళకి నోరు తెరుస్తాడు, ఏడుపు వినపడదంట. పక్షిదోషం అన్నారు, తాయెత్తు కట్టారు. తెల్లారేసరికి లేడు."

ఆ పిల్లలకి వచ్చిందేంటో ఇప్పుడెవరూ తేల్చలేరు. నేను ఒక్కటే అడిగాను, బాలింతప్పుడు ఆవిడకి ఏం పెట్టేవారని. మామ్మ తడుముకోకుండా చెప్పింది. పథ్యం. పప్పు వాతం, కూరలు చలవ, పండు జలుబు. పాత బియ్యం మూడు దంపులు దంపించి, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి, మెత్తగా వండి, మిరియాల చారుతో పెట్టేవారు. ఇంట్లో అందరికంటే తెల్లటి అన్నం ఆవిడకే. ప్రేమగా చూసుకున్నాం అనుకున్నారు. చూసుకున్నారు కూడా. ఇది చెప్పాక మామ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, నేను కూడా ఫోన్ రికార్డింగ్ ఆపేశాను.

గాంధీగారి గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. 1934 డిసెంబరులో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు ఆయన మొదట ఎత్తుకున్న విషయాల్లో పాలిష్ చెయ్యని బియ్యం ఒకటి. హరిజన్ పత్రికలో దాని గురించి వరసగా రాశారు. ఖద్దరు కట్టినంతమంది దంపుడు బియ్యం తిన్నారా? మామ్మ మాటల్లో చెప్పాలంటే, "మా రోజుల్లో పెళ్ళిలో ముడిబియ్యం వడ్డిస్తే మగపెళ్ళివారు విస్తట్లోంచి లేచిపోయేవారు."

చివరికి బెరిబెరి ఎలా పోయింది? విటమిన్ మాత్రలు, సూదిమందులు వచ్చాయి, స్వాతంత్ర్యం తరవాత పప్పూ పాలూ కూరలూ మెల్లగా ఎక్కువ ఇళ్ళకి చేరాయి. జబ్బు పోయింది, తెల్లన్నం మాత్రం పోలేదు. 1983లో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకి బియ్యం ఇచ్చింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపు నిండిన నాకు లేదు. కానీ ఆ బియ్యం కూడా తెల్లదే, జొన్నలు తినే మెట్ట ఊళ్ళకి కూడా అదే వెళ్ళింది.

ఇక కొబ్బరి చిప్పలోని గింజల దగ్గరికి. అందులో ఫోలిక్ యాసిడ్ ఉందన్నాను కదా. దాని వెనక ఉన్నవాడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టాడు. తోడబుట్టినవాడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయాడు, తనకీ అదే వచ్చి చావు తప్పించుకున్నాడు. ఆ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ఛారిటీస్ ఇచ్చిన మాట, మామగారు కూడగట్టిన డబ్బు పట్టుకుని 1920ల మొదట్లో అమెరికా వెళ్ళాడు. 1945లో ఆయన నడిపిన లెడర్లీ ప్రయోగశాల బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. రక్తహీనతకి, గర్భిణులకి ఇప్పుడు ప్రపంచమంతా ఇచ్చే మందు అది. 1948లో అక్కడే చనిపోయాడు, తిరిగి రాలేదు. ఆయన పని రేషన్ బియ్యంలో కలిసి గోదారి జిల్లాలకి తిరిగొచ్చింది. మనం చేటలో ఏరి కోళ్ళకి వేస్తున్నాం. అన్నట్టు, ఆ గింజల్లో తప్పనిసరిగా కలపాల్సిన వాటిలో బి1 లేదు. దాని సంగతి ఇప్పటికీ మనమే చూసుకోవాలి.

మామ్మ ఊరికే నమ్మే మనిషి కాదు. నిప్పు పరీక్ష చెయ్యాల్సిందే అంది. స్టవ్ మీద పెనం పెట్టి ఒక పక్క మామూలు గింజలు, ఇంకో పక్క చిప్పలో గింజలు వేశాం. రెండూ ఒకేలా ఎర్రబడి, పొగొచ్చి, బొగ్గయ్యాయి. ఏదీ కరగలేదు. అన్నం ముద్ద బంతిలా ఎగిరే వీడియో కూడా ఉంది కదా, మామూలు అన్నాన్ని గట్టిగా పిసికి వేసినా ఎగురుతుంది, గంజి జిగురు అంతే.

నాకు దీని మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మా నాన్నకి షుగరు. నలభై ఆరేళ్ళకే. ఈమధ్య కాళ్ళు తిమ్మిర్లంటున్నాడు. అది బెరిబెరి కాదు, షుగరు వల్ల వచ్చిందని డాక్టరు చెప్పారు. రెండూ వేరు జబ్బులు. కానీ మూడు పూటలా అంతంత తెల్లన్నం, పక్కన చెంచాడు కూర, ఆ కంచం మాత్రం వందేళ్ళ నాటిదే. తాతలు పొలంలో కరిగించేవారు, నాన్న కుర్చీలో కూర్చుంటాడు. దేశంలో షుగరు ఉన్నవాళ్ళు పది కోట్లు దాటారని 2023లో వైద్య పరిశోధన మండలి సర్వే చెప్పింది. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మన రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మనం తినేది 50 నుంచి 70.

ఇంట్లో ఏం మార్చామో చెప్తాను, ఇది డాక్టరు సలహా కాదు, మా వంటింటి సంగతి. మిల్లులో ఒక్క పట్టు పట్టించిన బియ్యం అడిగి తెచ్చుకున్నాం, మిల్లు ఆయన ముందు నవ్వాడు. మొదటి వారం సగం అవి, సగం తెల్లవి కలిపి వండాం. రాత్రే నానబెడితే గట్టిగా ఉండవు. కడగడం ఒక్కసారి, ఎసరు కొలిచి పోయడం, గంజి వార్చకపోవడం. అన్నం గరిటె చిన్నది కొన్నాం, పప్పు గరిటె పెద్దది. ముడిబియ్యమైనా అన్నం అన్నమే, షుగరున్నవాళ్ళు కుప్ప పోసుకుంటే లాభం లేదు. కొత్త రకాలు కావాలంటే హైదరాబాదు వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి తెచ్చిన మెరుగైన సాంబా మసూరి ఉంది, షుగరుని కాస్త నెమ్మదిగా పెంచుతుంది. మా చుట్టుపక్కల అడిగితే దొరకలేదు, ఇంకా వెతుకుతున్నాను.

నాన్న రోజూ గొణుగుతాడు. "ఇది అన్నమా, దాణానా" అంటాడు. ఆదివారం పులుసు రోజు మాత్రం తెల్లన్నమే, దాని మీద ఇంట్లో చర్చ లేదు.

మామ్మ చిప్పలో గింజలు తిరిగి చేటలో పోసేసింది. తవుడు మనుషులు తినాలన్న మాట మాత్రం ఆవిడకి ఇంకా మింగుడు పడలేదు. "అంతా మీరే తినేస్తే గేదె పాలెక్కణ్ణించి ఇస్తదిరా?" అంది. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు.

మీ ఇళ్ళలో దంపుళ్ళు చూసిన పెద్దవాళ్ళుంటే, బాలింతకి ఏం పెట్టేవారో అడిగి రికార్డు చేసుకోండి, నాకూ పంపండి. వచ్చే ఎపిసోడ్ తరవాణి కుండ గురించి. మామ్మ ఆల్రెడీ కుండ కడిగి ఎండలో పెట్టింది. ఉంటాను.